లైన్ క్లియర్ ఉందా?

మా నాన్న సామర్లకోటలో రైల్వే ట్రాక్ మీద పనిచేస్తారు. చెన్నై–హౌరా మెయిన్ లైను, దాంట్లోంచి కాకినాడకి చీలే లైను, రెండూ మా ఊరి జంక్షన్‌లోనే. రాత్రనక పగలనక బండ్లే. చిన్నప్పుడు నాకొక అనుమానం ఉండేది. బండ్లు ఆగవు కదా, మరి పట్టాలు ఎప్పుడు మారుస్తారు? నాన్నని అడిగితే "బ్లాక్ తీసుకుని మారుస్తాం రా" అనేవారు. ఆ మాటకి అసలు అర్థం నాకు మూడో సంవత్సరంలో, మా ల్యాబ్ సర్వర్‌ని పడగొట్టాక తెలిసింది.

ఆ కథ ముందు చెప్పేస్తాను, ఎలాగూ మీలో సగం మందికి తెలిసిందే. నేను ల్యాబ్ వాలంటీర్‌ని. రూట్ పాస్‌వర్డ్ నా దగ్గరుంది. ఎవరు ఏ ఫైలు తెరుస్తున్నారో కెర్నల్ లోపల్నుంచి చూడాలని సరదా పుట్టింది. ఒక చిన్న మాడ్యూల్ రాశాను. అది చేసేదల్లా, కెర్నల్‌లో ఒక ఫంక్షన్ మొదట్లో ఉన్న ఐదు బైట్లు చెరిపేసి, నా ఫంక్షన్‌కి దూకమనే జంప్ అక్కడ రాయడం. నా లాప్‌టాప్‌లో ఒక్క సీపీయూ ఇచ్చిన వర్చువల్ మెషీన్‌లో పదిసార్లు నడిపాను, పదిసార్లూ బ్రహ్మాండంగా పనిచేసింది. సర్వర్‌లో పదహారు కోర్లు. పైగా ఆ టైముకి సెకండియర్ వాళ్లకి ల్యాబ్ ఇంటర్నల్ జరుగుతోంది. మాడ్యూల్ ఎక్కించి ఎంటర్ కొట్టాను, అంతే. కెర్నల్ పానిక్. అరవై స్క్రీన్లు ఒకేసారి బిగుసుకుపోయాయి.

సేవ్ చేసుకోని వాళ్లంతా శనివారం మళ్లీ పరీక్ష రాశారు. ఇంటికెళ్దామని టికెట్లు తీసుకున్నవాళ్లు నలుగురైదుగురు నన్ను చాలా రోజులు పలకరించలేదు. సార్ దగ్గరికెళ్లి నేనే చేశానని చెప్పాను, పాస్‌వర్డ్ వెనక్కి ఇచ్చేశాను. ఫోన్లో నాన్నకి చెబితే ఆయనకి సర్వర్ సంగతి తెలీదు గానీ తప్పు ఎక్కడుందో తెలిసిపోయింది. "బండి ఎక్కడుందో చూసుకోకుండా పట్టా ఎవడు విప్పమన్నాడ్రా నిన్ను?" అన్నారు.

సరిగ్గా అదే జరిగింది. ఐదు బైట్లు నాకు ఒక్క లైన్ కోడే గానీ, మిగతా కోర్లకి అది ఒక్క దెబ్బలో జరిగే పని కాదు. నేను రాస్తుండగా ఇంకో కోర్ అదే చోటికి వస్తే దానికి సగం పాతది, సగం కొత్తది కనిపిస్తుంది. అలాంటి ఇన్‌స్ట్రక్షన్ ఏ మాన్యువల్‌లోనూ ఉండదు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఒక కోర్ ఆ ఐదు బైట్ల మధ్యలో ఉండగా ఇంటరప్ట్ వచ్చి పక్కకెళ్లిందనుకోండి. తిరిగొచ్చేసరికి అది నిలబడ్డ చోటు నా జంప్ కడుపులో ఉంటుంది. ఒక్క సీపీయూ మీద ఈ గొడవ దాదాపు కనిపించదు. అందుకే నా పది టెస్టులూ పాసయ్యాయి.

లినక్స్ కెర్నల్ ఇదే పని చాలా మర్యాదగా చేస్తుంది. ముందు మొదటి బైట్‌ని మాత్రమే మార్చి, అక్కడ బ్రేక్‌పాయింట్ ఇన్‌స్ట్రక్షన్ పెడుతుంది. అది ఒకే బైట్, సగం రాయడం అనేది ఉండదు. ఇక ఏ కోర్ అక్కడికొచ్చినా ట్రాప్‌లో పడుతుంది, ట్రాప్ హ్యాండ్లర్ దాన్ని సురక్షితంగా దారి మళ్లిస్తుంది. కోర్లన్నిటికీ కబురు పంపి, అందరూ ఆ మార్పు చూశారని తేల్చుకున్నాకే మిగిలిన నాలుగు బైట్లు రాస్తుంది. మళ్లీ కబురు. చివర్లో మొదటి బైట్ తీసి అసలుది పెడుతుంది. ముందు ఎర్రజెండా పాతి, తర్వాత పట్టా విప్పడమన్నమాట.

నన్ను ఎక్కువ సిగ్గుపెట్టిన విషయం వేరే ఉంది. నాక్కావలసిన పనిముట్టు అప్పటికే కెర్నల్‌లో ఉంది. దాని పేరు కేప్రోబ్స్. ఆ ఫైలు తెరిస్తే, పైనే, 2002 అక్టోబర్‌లో దీన్ని మొదలుపెట్టింది ఐబీఎం ఇండియాలో పనిచేసే వంశీకృష్ణ ఎస్. అని రాసి ఉంటుంది. 2004లో 2.6.9 వెర్షన్‌తో మెయిన్ కెర్నల్‌లోకి వచ్చింది. మామూలు ప్రోగ్రాముల్లో ఇదే పని చేసే యూప్రోబ్స్ 2012లో, 3.5తో వచ్చింది. దాని రచయితల్లో మొదటి పేరు శ్రీకర్ ద్రోణంరాజు. ద్రోణంరాజు అన్న ఇంటిపేరు మన వైపు కొత్తేం కాదు. మనం హాస్టల్లో కూర్చుని "కెర్నల్ కోడ్ అంటే ఎక్కడో ఫారిన్ వాళ్లు రాసేది" అనుకుంటాం. ఫైలు తెరిచి పది లైన్లు చదివితే ఆ భ్రమ పోతుంది.

అయితే నాలాంటి కుర్రాళ్లే ఇలా చేస్తారని అనుకోకండి. 2008లో, 2.6.27 ఇంకా తయారవుతుండగా, ఇంటెల్ ఈ1000ఈ నెట్‌వర్క్ కార్డులు కొందరి మెషీన్లలో ఉన్నట్టుండి చచ్చిపోయాయి. కార్డులో ఉండే శాశ్వత మెమరీయే పాడైపోయింది, రీబూట్ చేసినా లాభం లేదు. అందరూ కార్డు డ్రైవర్‌ని అనుమానించారు. చివరికి దొంగ ఎఫ్‌ట్రేస్ అని తేలింది. నడుస్తున్న కెర్నల్ ఫంక్షన్లని మార్చడానికి అది వాటి అడ్రసులు రాసి పెట్టుకుంటుంది. మాడ్యూల్ మొదలయ్యాక పనైపోయిన కోడ్‌ని కెర్నల్ మెమరీలోంచి తీసేసింది, కానీ ఎఫ్‌ట్రేస్ చిట్టాలో పాత అడ్రస్ అలాగే ఉండిపోయింది. అదే అడ్రస్‌కి తర్వాత నెట్‌వర్క్ కార్డు మెమరీ వచ్చి కూర్చుంది. ఎఫ్‌ట్రేస్ వెళ్లి అక్కడ రాసేసింది. ఇల్లు ఖాళీ చేసి వెళ్లినవాడి తలుపు అనుకుని కొత్తగా దిగినవాడి తలుపు పగలగొట్టినట్టు.

బైట్లు జాగ్రత్తగా మార్చినంత మాత్రాన పనైపోదు. పాత ఫంక్షన్ లోపల ఎవరైనా ఉన్నారా అన్నది ఇంకా పెద్ద ప్రశ్న. పాత కోడ్ ముందు ఒక లాక్, తర్వాత ఇంకో లాక్ తీసుకుంటుంది, కొత్త కోడ్ ఆ వరస తిరగేస్తుంది అనుకోండి. ఒక ప్రాసెస్ పాతదాంట్లో, ఇంకొకటి కొత్తదాంట్లో ఉంటే ఒకదానికోసం ఒకటి కలకాలం ఎదురుచూస్తూ కూర్చుంటాయి. అందుకే 2015లో లినక్స్ 4.0తో లైవ్‌ప్యాచ్ వచ్చినా, అసలు పని 2017లో 4.12 దగ్గర జరిగిందంటాను నేను. అప్పట్నుంచి కెర్నల్ ఒక్కో ప్రాసెస్ స్టాక్ చూస్తుంది. అందులో పాత ఫంక్షన్ లేకపోతేనే ఆ ప్రాసెస్‌ని కొత్త కోడ్‌కి మారుస్తుంది. ఉంటే ఆగుతుంది. స్టాక్‌ని నమ్మకంగా చదవలేకపోయినా ఆగుతుంది. మా స్టేషన్‌లోనూ అంతే, ముందు సెక్షన్‌లో బండి ఉందో లేదో కచ్చితంగా తెలియకపోతే లైన్ క్లియర్ ఇవ్వరు. "బహుశా వెళ్లిపోయుంటుంది" అన్న మాట అక్కడ చెల్లదు.

ఇప్పుడు మన క్లబ్‌లో నడుస్తున్న వాదనకి వస్తాను. ఒక వర్గం "ఇంత తంటా ఎందుకు, రీబూట్ చేస్తే పోలా" అంటుంది. వాళ్లకి జెఫ్ ఆర్నాల్డ్ కథ చెప్పాలి. ఎంఐటీలో చదువుకుంటూ ఒక సర్వర్ చూసుకునేవాడు. సెక్యూరిటీ అప్‌డేట్ వచ్చింది, దానికి రీబూట్ కావాలి. వాడుకునేవాళ్లకి ఇబ్బందని వారాంతానికి వాయిదా వేశాడు. ఆలోపే ఎవడో సర్వర్‌లో దూరాడు. ఆ దెబ్బతో పుట్టిందే కేస్‌ప్లైస్. 2011లో ఒరాకిల్ కొనేసింది. రీబూట్ తేలికే, కానీ దాన్ని వాయిదా వెయ్యడం ఇంకా తేలిక.

రెండో వర్గంతో నాకు ఇంకా పెద్ద పేచీ. "లైవ్‌ప్యాచ్ ఉంది కదా, ఇక సర్వర్ ఆపనే అక్కర్లేదు" అని అప్‌టైమ్ స్క్రీన్‌షాట్లు స్టేటస్‌లో పెట్టే వర్గం. చలికాలం తెల్లవారుజామున పట్టా చిట్లుతుంది. మా నాన్నవాళ్లు దానికి జాగుల్డ్ ఫిష్‌ప్లేట్ పెట్టి, క్లాంపులు బిగించి, బండ్లని మెల్లగా పంపుతారు. ప్రాణాలు కాపాడేది ఆ ప్లేటే. అలాగని దాన్ని అక్కడే వదిలెయ్యరు, తర్వాత బ్లాక్ తీసుకుని ఆ ముక్క మారుస్తారు. లైవ్‌ప్యాచ్ నా దృష్టిలో ఆ ఫిష్‌ప్లేటే. ఫంక్షన్‌లో ఒక చెక్ మరిచిపోతే అది చక్కగా సరిచేస్తుంది. డేటా స్ట్రక్చర్ ఆకారమే మారాలంటే షాడో వేరియబుల్స్ అంటూ గారడీ మొదలవుతుంది. కొన్ని మార్పులు నడుస్తుండగా అస్సలు కుదరవు. ప్యాచ్ మీద ప్యాచ్ వేసుకుంటూ ఏడాది నెట్టుకొచ్చిన మెషీన్ మళ్లీ బూట్ అవుతుందో లేదో ఎవరూ చూసి ఉండరు, కరెంటు పోయిన రోజు దాకా.

ఆపడం అవమానమేమీ కాదండీ. మా ఊరి కాలువనే చూడండి, ఏటా వేసవిలో కట్టేస్తారు. పూడిక తీస్తారు, తూములు బాగు చేస్తారు, మళ్లీ నీళ్లొదులుతారు. కట్టేసిన కాలువని చూసి ఏ రైతూ "ఇదేం కాలువ" అనడు, తేదీ ముందే తెలిస్తే చాలు. గట్టుకి గండి పడిందనుకోండి, అప్పుడు మాత్రం వేసవి దాకా ఆగరు, ఇసక బస్తాలతో పరిగెడతారు. రెండూ చేతనైనవాళ్లే కాలువని నడపగలరు.

ఇంటర్నల్ గొడవ తర్వాత ల్యాబ్ తలుపు మీద ఒక కాగితం అంటించాం. నెలలో మొదటి ఆదివారం ఉదయం సర్వర్ రీబూట్. సార్ సంతకం పెట్టారు, ఇప్పటికి నాలుగు నెలలుగా జరుగుతోంది. మొదటి నెల్లో డిస్క్ ఒకటి మౌంట్ కాలేదు. తీరుబడిగా ఉన్నాం కాబట్టి పది నిమిషాల్లో సరిచేసుకున్నాం. మధ్యలో అర్జెంటు సెక్యూరిటీ ప్యాచ్ వస్తే లైవ్‌ప్యాచ్ వేస్తున్నాం, వచ్చే ఆదివారం అసలు కెర్నల్‌తో మారుస్తున్నాం. వేసేది నేను కాదు, జూనియర్ ఒకమ్మాయి. ఆ శనివారం మళ్లీ పరీక్ష రాసినవాళ్లలో ఆ అమ్మాయి కూడా ఉంది. నేను పక్కన నిలబడి చూస్తాను. పాస్‌వర్డ్ నాకింకా వెనక్కి ఇవ్వలేదు, నేనూ అడగలేదు.