స్త్రీల అభ్యర్థిత్వము – పందెపు వెల

ఎన్నికల ఋతువు వచ్చినంతనే మన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో వరి, జీడి పంటలతో పాటు పందెముల పంటయు తలయెత్తుచున్నది. దీనికి విత్తువాడొకడు, కోయువాడు వేరొకడు. 2024 మే 13 న వోట్లు పడినవి. జూన్ 4 న లెక్కించిరి. నడుమనున్న దినములలో కోస్తా జిల్లాల పందెముల వార్తలు పత్రికలలో రాని దినము లేదు. పూర్వము గెలుపెవరిదన్న దానిపైననే పందెము కాయువారు. ఇప్పుడు ఫలానా ఆమెకు పార్టీ టిక్కెట్టు దక్కునా, దక్కదా యనుదానిపై సైతము కాయవచ్చునని లోకము నేర్చుకొనుచున్నది. ఇది వినోదమని నవ్వి విడువదగిన విషయము కాదు.

అమెరికాలో నీ పందెము వ్యాపారరూపమును దాల్చినది. 1988 లో అయోవా విశ్వవిద్యాలయము వారు పరిశోధనార్థము చిన్న మొత్తములతో నొక ఎన్నికల విపణిని నెలకొల్పిరి. అనుకొన్నది జరిగినచో నొక డాలరు, జరుగనిచో సున్న. ఇట్టి పత్రమును కొనవచ్చును, అమ్మవచ్చును. పత్రము 60 సెంట్లకు అమ్ముడుపోవుచున్నచో, ఆ పని జరుగుటకు నూటికి అరువది పాళ్లు అవకాశము కలదని విపణి తలచుచున్నదని యర్థము. నేడు పాలీమార్కెట్ వంటి సంస్థలు ఇదే వ్యాపారమును కోట్ల డాలర్లతో నడుపుచున్నవి. పార్టీ అధ్యక్షాభ్యర్థిత్వము ఎవరికి దక్కుననుటయు అచట అంగడి సరకే.

ఈ విపణిని మెచ్చువారి వాదము వినకయే త్రోసివేయుట న్యాయము కాదు. సభలో మాటలాడువాడు ఏమైనను పలుకవచ్చును. సొంత సొమ్ము పెట్టినవాడు మాత్రము ఆలోచించి పలుకునని వారందురు. అందు కొంత నిజము కలదు. కాని 2007 చివర డెమోక్రాటిక్ పార్టీ అభ్యర్థిత్వము హిల్లరీ క్లింటనునకే యని విపణి మొగ్గినది. 2008 జూనులో నది ఒబామాకు దక్కినది. 2016 లో అభ్యర్థిత్వ మామెకు లభించినది. అచటి ప్రధాన పార్టీలలో నొకటి స్త్రీని అధ్యక్షపదవికి నిలుపుట యదియే ప్రథమము. ఆ నవంబరులో గెలుపును ఆమెదే యని విపణి పలికినది, గెలిచినవాడు ట్రంపు. సొమ్ము పెట్టినంత మాత్రమున దివ్యదృష్టి అలవడదు.

ఇంత దూరము పోనేల? 2009 లో శ్రీకాకుళము లోక్‌సభ స్థానమునకు జరిగిన పోటీని మన పాఠకులు మరచియుండరు. 1996 మొదలుకొని వరుసగా నాలుగుమారులు గెలిచిన కింజరాపు ఎర్రన్నాయుడు గారి కెదురుగా వైద్యురాలైన కిల్లి కృపారాణి గారిని కాంగ్రెసు నిలిపినది. ఆమె 80,000 కు మించిన ఆధిక్యముతో గెలిచి, 2012 లో కేంద్రమున సహాయమంత్రిణి యైనది. నాలుగు విజయముల లెక్కను మాత్రమే చూచి పందెము కట్టినవాని కామె పత్రము వెల యెంత? టిక్కెట్టు నిచ్చువారును ఆ లెక్కనే నమ్మియున్నచో, వోటరులకు తమ తీర్పు చెప్పు అవకాశమే యుండెడిది కాదు.

టిక్కెట్టు సంగతియే అసలు సంగతి. విజయనగరము శాసనసభా స్థానమును చూడుడు. 2014 లో తెలుగుదేశము పక్షమున మీసాల గీత గారు గెలిచిరి. 2019 లో ఆ పార్టీ టిక్కెట్టు పూసపాటి అదితి గజపతిరాజు గారికి పోయినది, ఆమె ఓడిరి. 2024 లో మరల అదితి గారికే ఈయగా, గీత గారు స్వతంత్రురాలుగా నిలిచిరి. అదితి గారు 60,000 కు మించిన ఆధిక్యముతో గెలిచిరి. శ్రీకాకుళమున 2014 లో గెలిచిన గుండ లక్ష్మీదేవి గారికి 2024 లో టిక్కెట్టు రాలేదు. ఈ నిర్ణయములు తప్పో ఒప్పో చెప్పుట మా యుద్దేశము కాదు. ఇవి యన్నియు కొలదిమంది కూర్చున్న గదిలో జరిగినవి గాని, పార్టీ సభ్యుల వోటుతో జరిగినవి కావు. ఇది ఒక్క పార్టీ తీరు కాదు, అన్ని పార్టీల తీరును నిదియే.

కాబట్టి వోట్లపై పందెము కంటె టిక్కెట్టుపై పందెము మరింత చెడ్డది. వోటరులు లక్షలమంది, వారి మనస్సు ఎవరికిని పూర్తిగా తెలియదు. టిక్కెట్టు నిచ్చువారు పదిమంది. వారి మనస్సు వారికిని, వారి చుట్టునున్నవారికిని ముందే తెలియును. గది లోపలివాడు తెలిసి కాయును. వెలుపలివాడు తెలియక కాయును. ఇది పేకముక్కలను తిరగవేసి చూచినవానితో ఆడు ఆట. అంతేకాదు. సొమ్ము కట్టినవాడు ఊరకుండడు. తన పందెము నెగ్గుటకై వదంతులు పుట్టించును. విరాళము లిచ్చువారిని మరలించును. చివరకు వోట్లు కొనుటకును సిద్ధపడును.

స్త్రీలకు దీనివలన కలుగు నష్టము మరియు నధికము. ఆమెకు టిక్కెట్టు రాదని పదిమంది కాయుదురు. వెల పడిపోవును. పడిపోయిన వెలను చూపి, ఆమెకు బలము లేదని నాయకులు తలపోయుదురు. టిక్కెట్టు రాదు. తామన్నది నిజమైనదని పందెగాండ్రు పొంగుదురు. ఈ చక్రములో ఆమె సామర్థ్యమును ఎవరైనను విచారించిరా? 2024 లో ఈ రెండు పాత జిల్లాల 19 శాసనసభా స్థానములలో పలాస, కురుపాము, సాలూరు, నెల్లిమర్ల, విజయనగరము, శృంగవరపుకోటల నుండి ఆరుగురు స్త్రీలు గెలిచిరి. 2019 లో గెలిచినవారు మువ్వురే. టిక్కెట్టు దక్కిన చోట వోటరు స్త్రీని త్రోసిపుచ్చుట లేదనుటకు ఇంతకంటె నిదర్శన మేల? తలుపు మూసియున్నది వోటరు ఇంట గాదు, పార్టీ కార్యాలయమున.

విజయనగరము వారి కొక మాట జ్ఞాపకము చేయుదుము. ఆడుబిడ్డకు వెల కట్టుటను ఎదిరించి గురజాడ అప్పారావు గారు కన్యాశుల్కము రచించినది ఈ పట్టణముననే. ఆనందగజపతి మహారాజావారు చేయించిన లెక్కలో మూడేండ్లలోనే 1,034 శుల్క వివాహములు తేలినవి. ఆ పాపమును, ఈ పందెమును ఒక్కటే యని మేమనము. అయినను స్త్రీ యోగ్యతను ఆమె పనినిబట్టి గాక, పరులు చెల్లించు రూకలనుబట్టి ఎంచు బుద్ధి రెంటను కలదు.

భూవసతి కల గృహస్థులతో కొంచెము నిష్ఠురముగా మాటలాడవలసియున్నది. 2018 అక్టోబరు తిత్లీ తుపానులో ఉద్దానమున జీడిచెట్లును, కొబ్బరిచెట్లును నేల కొరిగినవి. చెట్టు పెరుగుటకు ఏండ్లు పట్టును. దాని ఫలసాయమును పందెములో ఒడ్డుటకు గడియ చాలును. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 30 వ సెక్షను ప్రకారము పందెపు ఒప్పందము చెల్లదు. గెలిచినవాడు కోర్టుకు పోజాలడు. అందుచేతనే సొమ్ము మధ్యవర్తి చేత నుండును, వసూలు దౌర్జన్యముచేత నడచును. రాష్ట్రమున 1974 నాటి జూద నిషేధ చట్టము కలదు. సొమ్ము పెట్టి ఆడు ఆన్‌లైను ఆటలను 2025 లో కేంద్రచట్టము నిషేధించినది. చట్టములకు కొరత లేదు. రచ్చబండపై పెద్దమనిషియే పందెము పలుకుచుండగా, పోలీసువాడు పట్టునది కూలివానినే.

చేయవలసిన పనులు మూడు. పార్టీలు తమ అభ్యర్థులను నియోజకవర్గ సభ్యుల వోటుతో, ముందు చెప్పిన తేదీన, బహిరంగముగా ఎన్నుకొనవలెను. రహస్యము లేనిచోట రహస్యమును అమ్ముకొనువాడుండడు. రెండవది, చట్టసభలలో స్త్రీలకు మూడవ వంతు స్థానములు కేటాయించుచు 2023 లో రాజ్యాంగమును సవరించిరి గాని, దాని అమలును జనాభా లెక్కలతోను, నియోజకవర్గముల పునర్విభజనతోను ముడివేసిరి. ఆ ముడి విడువరకు వేచియుండక, పార్టీలు తమ జాబితాలలో మూడవ వంతు స్త్రీల కీయవలెను. ఇందుకు ఏ చట్టమును అడ్డు రాదు. మూడవది, గ్రామపెద్దలు తమ ఇంటి అరుగుపై పందెము మాట రానీయరాదు.

ఒక స్త్రీ గెలుచునా యని అడుగువారు మనలో వేలమంది. ఆమె నిలుచుటకు తగినదా యని విచారించి, తగినదైనచో ఆమె పక్షమున పదిమందికి చెప్పువారెందరు? పందెము కట్టినవాడు ఫలితము కొరకు కాచుకొని కూర్చుండును. పౌరుడైనవాడు ఫలితమును తన వోటుతో నిర్ణయించును. వచ్చు ఎన్నికలలో మన జిల్లాలవారు పౌరులుగా నిలుతురని ఆశించుచున్నాము.