ఆట సర్వరుకు బీగం అక్కర్లేదా?

"ఆటే కదా వదినా, అందులో దోచుకునేదానికి ఏముంది?" అంటాడు మా మరిది. ఈ మాట విని విని విసుగొచ్చింది నాకు.

ఇంటర్ చదివే మావాడు కడపలో మా ఇంట్లోనే, పాత కంప్యూటర్‌లో మైన్‌క్రాఫ్ట్ సర్వర్ పెట్టుకున్నాడు. కర్నూల్లో ఉండే మా అక్క కొడుకు, ఇంకో ఇద్దరు స్నేహితులు కలిసి ఆడతారు. ఆడుకోనీ. నా గొడవ ఆటతో కాదు.

ఆటగాళ్లు వచ్చే పోర్టు 25565. అది వీధి అరుగు, నలుగురూ కూర్చోవచ్చు. కంప్యూటర్‌నే దూరం నుంచి నడిపే ఎస్‌ఎస్‌హెచ్ పోర్టు 22. అది బీరువా ఉండే గది. మావాడు రూటర్‌లో రెండూ తెరిచిపెట్టాడు, తను ట్యూషన్‌లో ఉన్నప్పుడు స్నేహితులు సర్వరును ఆన్ చేసుకోవాలని. పాస్‌వర్డ్ వాడి పేరు, పక్కన 123. అదీ వాట్సాప్ గ్రూపులో! తర్వాత లాగ్ తెరిచి చూస్తే, "రూట్" అనీ "అడ్మిన్" అనీ పేర్లు చెప్పి ఊరూ పేరూ లేనివాళ్లు వాకిలి తట్టిన జాడలు పేజీల కొద్దీ. మనుషులు కూడా కాదట, ప్రోగ్రాములు. వాటికి ఆట సర్వరైనా బ్యాంకైనా ఒకటే. అదే కంప్యూటర్‌లో మా ఆధార్ కాపీలు, పొలం కాగితాలు ఉన్నాయి మరి.

మరిదికి ఇంకోటి చెప్పాలి. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే అనే సాఫ్ట్‌వేర్‌లో లోపం బయటపడినప్పుడు, మైన్‌క్రాఫ్ట్ చాట్‌లో ఒక్క వరుస టైపు చేస్తే సర్వరు పరాయివాడి చేతికి పోయే పరిస్థితి. కంపెనీ 1.18.1 వెర్షన్‌లో సరిచేసింది. అప్‌డేట్ చేసుకోనివాళ్ల సంగతి వేరే చెప్పాలా?

మా ఆయన మందు ఇంకా ఘోరం: నెట్ వైరు పీకేశాడు. రెండు రోజులు ఇంట్లో ఒకరితో ఒకరికి మాటల్లేవు. పీకేస్తే పిల్లోడు ఇంకొకరింట్లో ఇదే పని చేస్తాడు, మనకు తెలియకుండా.

చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం, నేను పక్కన కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తుంటే, మావాడే సరిచేశాడు. రూటర్‌లో ఆ రెండు పోర్టులూ మూసి వైర్‌గార్డ్ పెట్టాడు. పైసా ఖర్చు లేదు. సరైన కీ లేనివాడు ఎంత తట్టినా అది పలకనే పలకదు. నలుగురికీ నాలుగు కీలు. ఎస్‌ఎస్‌హెచ్‌కి పాస్‌వర్డ్ తీసేసి కీ మాత్రమే ఉంచాడు, రూట్ లాగిన్ ఆపేశాడు. ఆర్‌కాన్ అని ఇంకోటుంది, పాస్‌వర్డును దాచకుండా పంపుతుంది. అదీ కట్టేశాడు. ఆధార్ కాపీలు, పొలం కాగితాలు నేనే పెన్‌డ్రైవ్‌లోకి మార్చి కంప్యూటర్‌లోంచి తీసేశాను.

మొన్న ఒకడు అలిగి గ్రూపులోంచి వెళ్లిపోయాడు. వాడి కీ ఒక్కటి తీసేస్తే సరిపోయింది. పాత పాస్‌వర్డే ఉండుంటే?

"మగపిల్లల సంగతులు, మనకేం తెలుస్తాయి" అనే అక్కలు ఉన్నారు. పనామెకు ఏ గది బీగం ఇవ్వాలో, ఏది ఇవ్వకూడదో తేల్చేది మనమే కదమ్మా? పోర్టు నంబర్లు మనకు రాకపోనీ. ఈ రాత్రి సంగటి పెట్టేటప్పుడు అడగండి: "నాయనా, మన కంప్యూటర్ బీగాలు ఎవరెవరి దగ్గర ఉన్నాయి?"