వ్యాన్‌లో చలి, బ్యాటరీలో లెక్క

న్యూజిలాండ్‌లో ఉద్యోగం చేస్తున్న మనవాళ్ల ఇంటికి ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే ఇప్పుడు కొత్త సరదా క్యాంపర్‌వ్యాన్. క్రైస్ట్‌చర్చ్‌లో అద్దెకు తీసుకోవడం, టెకపో సరస్సు, మౌంట్ కుక్, వానకా చూసుకుంటూ క్వీన్స్‌టౌన్ చేరడం. మంచం, పొయ్యి, ఫ్రిజ్ అన్నీ చక్రాల మీదే. హోటల్ బుకింగుల గొడవ లేదు, పప్పన్నం మనమే వండుకోవచ్చు. బాగుంటుంది, నేనూ ఒప్పుకుంటాను.

కాకపోతే పిల్లల బడి సెలవులు జులైలో. అక్కడ జులై అంటే నడి చలికాలం. టెకపో వైపు రాత్రిళ్లు సున్నా కంటే కిందికి దిగిపోతుంది. "వ్యాన్‌లో హీటర్ ఉందిగా" అంటారు అందరూ. ఉంది. కానీ అది రాత్రంతా నడుస్తుందా, ఆగిపోతే ఏం చేస్తారు? ఈ వారం కబురు దాని గురించే.

హీటర్లు మూడు రకాలు. ఒకటి 230 వోల్టుల కరెంటుది. క్యాంప్‌గ్రౌండ్‌లో పవర్డ్ సైట్ తీసుకుని వైరు తగిలిస్తేనే పనిచేస్తుంది. రెండోది డీజిల్ హీటర్, వ్యాన్ ట్యాంకులోంచే డీజిల్ తీసుకుంటుంది. మూడోది ఎల్పీజీది. ఈ చివరి రెండూ మంటతో వేడి పుట్టించినా, ఆ వేడిని లోపలికి ఊదే ఫ్యానుకి కరెంటు కావాలి. అది వ్యాన్‌లోని రెండో బ్యాటరీ నుంచి వస్తుంది. అంటే ట్యాంకు నిండా డీజిల్ ఉన్నా, బ్యాటరీ అయిపోతే హీటర్ ఆగిపోయినట్టే.

సరే, లెక్కలోకి వద్దాం. 12 వోల్టులు, 100 యాంపియర్-అవర్ల ఏజీఎం బ్యాటరీ అనుకోండి. పేరుకి వంద. సగానికి మించి వాడితే ఆ రకం బ్యాటరీ పాడవుతుంది కాబట్టి చేతిలో ఉన్నది 50 మాత్రమే. నెల జీతంలో ఈఎంఐ పోగా మిగిలినట్టు. లిథియం బ్యాటరీ అయితే 80 దాకా వాడుకోవచ్చు.

ఇక ఖర్చులు. ఫ్రిజ్‌కి రోజుకి 30 దాకా. డీజిల్ హీటర్ మొదలయ్యేటప్పుడు కొన్ని నిమిషాలు 8-10 యాంపియర్లు లాగి, తర్వాత ఒకటి రెండుకి దిగుతుంది. రాత్రి ఎనిమిది గంటలకి 12-15 వేసుకోండి. ఎల్‌ఈడీ లైట్లకి 4, రెండు ఫోన్లకి 3. మొత్తం 50 దాటిపోయింది. ఇంకా ల్యాప్‌టాప్ మొదలే పెట్టలేదు!

ఇక్కడే మన ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్ వస్తుంది. 500 వాట్ల కుక్కర్‌ని ఇన్వర్టర్ మీద అరగంట నడిపితే, ఇన్వర్టర్‌లో పోయేదీ కలుపుకుని, 23-24 యాంపియర్-అవర్లు హాంఫట్. ఒక పూట అన్నానికి రోజు బడ్జెట్‌లో సగం. 2,000 వాట్ల కెటిల్ సంగతి చెప్పక్కర్లేదు. 12 వోల్టుల దగ్గర దానికి 165 యాంపియర్లకు పైనే కావాలి. కాబట్టి అన్నం, టీ గ్యాస్ పొయ్యి మీదే. కుక్కర్, కెటిల్ పవర్డ్ సైట్‌లో ఉన్న రోజుకి. అక్కడైనా రెండూ ఒకేసారి వద్దు. ప్లగ్గు 16 యాంపియర్లది. 2,000 వాట్ల హీటరు, 2,000 వాట్ల కెటిల్ కలిస్తే 17 దాటుతుంది, ట్రిప్ కావచ్చు. వైరు చుట్ట మొత్తం విప్పాకే వాడండి, చుట్టలా ఉంచితే వేడెక్కుతుంది.

ఖర్చు అయింది, మరి ఆదాయం? బండి నడిచినంతసేపు ఇంజిన్ నుంచి బ్యాటరీకి చార్జింగ్ ఎక్కుతుంది. పైన సోలార్ ప్యానెల్ ఉన్నా జులై ఎండ పొట్టిది, ఏటవాలుది, పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. ఒకేచోట రెండు రోజులు ఆగిపోతే బ్యాటరీ కిందికి జారుతుంది. అందుకే రెండు మూడు రాత్రులకోసారి పవర్డ్ సైట్ తీసుకోండి. సాయంత్రం బండి ఆపి, అన్నీ కట్టేసి, కాసేపయ్యాక మీటర్ చూడండి. ఏజీఎం బ్యాటరీ 12.7 పైన ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం. సగం దగ్గర ఉంటే ఆ రాత్రి చీకట్లో సరస్సు పక్కన కాదు, పవర్డ్ సైట్‌లో పడుకోవాలి.

బ్యాటరీ గురించి ఇంత నస ఎందుకంటే, ప్రమాదం మొదలయ్యేది అక్కడే. తెల్లవారుజామున మూడింటికి బ్యాటరీ పడిపోయి హీటర్ ఆగుతుంది. పిల్లాడు వణుకుతుంటాడు. ఎదురుగా గ్యాస్ పొయ్యి. "కాసేపు వెలిగిద్దాం" అనిపిస్తుంది. చలిగాలి వస్తోందని పైన వెంట్‌కి అప్పటికే టవల్ కుక్కి ఉంటారు. ఈ రెండూ కలిస్తే చాలు.

మూసిన చోట మంట మండితే ఆక్సిజన్ తగ్గి, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం, మగత. నిద్రలో ఉన్నవాళ్లకి అదీ తెలియదు. మనకి కొత్త విషయమేమీ కాదు, మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్ల వార్తలు చలికాలంలో చదువుతూనే ఉంటాం. 2020 జనవరిలో నేపాల్‌లోని దామన్‌లో, రిసార్టు గదిలో గ్యాస్ హీటర్ పెట్టుకుని పడుకున్న కేరళ పర్యాటకులు ఎనిమిది మంది చనిపోయారు. అందులో నలుగురు పిల్లలు. వాళ్లు చేసింది తలుపులు మూసుకుని వెచ్చగా పడుకోవాలనుకోవడమే.

కాబట్టి కొన్ని విషయాల్లో బేరాల్లేవు. వంట పొయ్యి వంటకే, వెచ్చదనానికి కాదు. బార్బెక్యూ బొగ్గులు ఆరిపోయినట్టున్నా లోపలికి తేవద్దు. "పొగ లేదుగా" అనేది లెక్కలోకి రాదు. వెంట్లు ఎప్పుడూ మూయకండి. నేల దగ్గర ఉండే రంధ్రాలు కూడా అనవసరంగా పెట్టినవి కావు. ఎల్పీజీ గాలి కంటే బరువు, లీకైతే అక్కడినుంచే కిందికి పోవాలి. డీజిల్ హీటర్ పొగగొట్టం బండి కింద ఉంటుంది. గడ్డి, మంచు దాన్ని మూసేయకుండా చూసి ఆపండి. బ్యాటరీ చార్జింగ్ కోసం రాత్రి ఇంజిన్ ఆన్ చేసి పడుకోవద్దు. హీటర్ ఆపాలంటే దాని స్విచ్చే నొక్కండి. చల్లబడేదాకా కొన్ని నిమిషాలు ఫ్యాన్ తిరుగుతుంది, ఆలోపు మెయిన్ స్విచ్ కట్టేయకండి. ఇంకోటి, చాలా వ్యాన్లలో డీజిల్ పావు ట్యాంకుకి దిగితే హీటర్‌కి అందదు. సాయంత్రమే పోయించుకోవాలి.

వ్యాన్ అప్పగించేటప్పుడు పది నిమిషాల్లో అన్నీ గడగడా చెప్పేస్తారు. ఆ మాటల్ని ఫోన్‌లో వీడియో తీసుకోండి. పోయిన చలికాలం మేం నలుగురం తీసుకున్న వ్యాన్‌లో కార్బన్ మోనాక్సైడ్ అలారం టెస్ట్ బటన్ నొక్కితే కిక్కురుమనలేదు. లోపల సెల్స్ లేవు. అడిగితే ఐదు నిమిషాల్లో వేసిచ్చారు. అడగకపోతే ఎవరూ వేసేవారు కాదు. పొగ అలారం వేరు, ఇది వేరు. రెండూ నొక్కి చూడండి. ఇది మోగితే కారణం వెతుకుతూ కూర్చోవద్దు. తలుపులు తెరిచి, అందరినీ లేపి బయటికి తెచ్చి, 111కి ఫోన్ చేయాలి. ఒకేసారి ఇద్దరు ముగ్గురికి తలనొప్పి మొదలైతే, అలారం మోగకపోయినా అదే పని.

చలికి అసలు మందు దుప్పట్లు. ఒక్కొక్కరికి ఒకటి ఎక్కువ అడిగి తీసుకోండి. పడుకునే ముందు వ్యాన్ వెచ్చబెట్టుకుని, రాత్రికి హీటర్ తక్కువలో ఉంచితే బ్యాటరీ కూడా నిలుస్తుంది.

చివరిగా ఒక్క మాట. ఈ సూచనలన్నీ వ్యాన్‌లో ఇంగ్లిష్‌లో అతికించి ఉంటాయి. వీడియో మీ ఫోన్‌లో ఉంటుంది. కానీ రాత్రి మనవడు కదిలితే ముందు లేచేది మీరు కాదు, మీ అమ్మ. మిమ్మల్ని లేపడం ఎందుకులే అని పొయ్యి వెలిగించేదీ ఆవిడే. మొదటి రోజు సాయంత్రమే ఆవిడని పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, తెలుగులో, కారణంతో సహా చెప్పండి. "హీటర్ ఆగితే నన్ను లేపమ్మా, పొయ్యి మాత్రం ముట్టించకు" అని. ఆ మాట చెప్పాకే లైట్లు ఆపండి.