మూత వేసిన వాద్యం

అరవైయారవ యేట పియానో మెట్లమీద వేళ్ళు పెట్టాను. "ఈ వయసులో మీకెందుకు అయ్యవారూ ఈ తంటా?" అని మా వీధివారు నవ్వుతూ అడుగుతున్నారు. అడగనీయండి. యూనీకోడులో తెలుగు టైపు చేయటం నేర్చుకొనే రోజుల్లోనూ ఇదే ప్రశ్న వేశారు. అది ఒక కీబోర్డు, ఇది మరొక కీబోర్డు.

నిజానికి నా యెదుట ఉన్నది అసలు పియానో కాదు. మనుమడు ఇంజనీరింగు చదువుకు పోతూ మా ఇంట వదలి వెళ్ళిన 61 మెట్ల విద్యుద్వాద్యం. అసలు పియానోకు 88 మెట్లుంటాయి. మైపాడు తీరానికి చేరువలో ఉన్న మా ఇంట అటువంటిదాన్ని తెచ్చి పెట్టినా నిలవదు. ఉప్పుగాలికి మా కిటికీ ఊచలే పొరలు పొరలుగా లేస్తాయి. ఇక ఆ పెట్టెలోని ఉక్కుతీగెల గతి ఏమని చెప్పను? చెక్క తేమకు ఉబ్బుతుంది, శ్రుతి జారుతుంది. కనుక తీరవాసులకు ఆరంభానికి ఈ కీబోర్డే దిక్కు. కొనదలచినవారికి ఒక్క మాట: మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలికేదే కొనండి. 1700 ప్రాంతాన ఫ్లోరెన్సు నగరంలో క్రిస్టోఫోరి అనే వాద్యశిల్పి పియానోను కల్పించింది ఆ గుణం కోసమే. "పియానో" అనే ఇటలీ మాటకు మెల్లగా అనే అర్థం.

ఈ టపా వ్రాయటానికి కారణం మాత్రం వేరే ఉన్నది. నేను తెలుగు పండితుడిగా పనిచేసిన ఒక బడిలో హార్మోనియం ఉండేది. ప్రార్థనగీతానికని ఎవరో దాత ఇచ్చినది. బీరువా తాళం నా దగ్గర ఉండేది. పట్టపుపాలెం నుండి వచ్చే ఏడవ తరగతి పిల్లవాడొకడు ప్రతి శనివారం నా వెంటపడేవాడు. "అయ్యోరా, ఒక్కతూరి నొక్కి చూస్తా" అనేవాడు. "పాడవుతుంది, పో" అనేవాణ్ణి. అడిగి అడిగి మానుకున్నాడు. పదవీవిరమణకు ముందు సామాను లెక్క అప్పగిస్తూ ఆ పెట్టె తెరిచాను. తిత్తిని ఎలుకలు కొరికివేశాయి. లోపలి ఇత్తడి రీడ్లకు చిలుము పట్టింది. నాలుగు మెట్లు దిగినవి దిగినట్లే ఉండిపోయాయి. ఏ పిల్లవాడి వ్రేలూ సోకకుండానే అది పాడయింది. పాడుచేసినవాణ్ణి నేనే.

అందువల్ల నా అభిప్రాయం సూటిగా చెబుతాను. వాద్యాభ్యాసానికి గురువు కన్న ముందు కావలసింది మూత తీసి, చేతికి అందేచోట ఉన్న వాద్యం. మా నెల్లూరి బాలసుబ్రహ్మణ్యంగారిని తలచుకొనండి. ఆయన శాస్త్రీయ సంగీతం గురుముఖంగా అభ్యసించినవారు కారు. తండ్రి సాంబమూర్తిగారు హరికథా విద్వాంసులు. ఆయన వాయిస్తుండగా చూచి కుమారుడు హార్మోనియం, వేణువు పట్టుపరచుకున్నారు. ఆ ఇంట హార్మోనియం పెట్టెకు తాళం ఉండి ఉంటే ఏమయ్యేదో నేను ఊహించదలచుకోలేదు.

సంగీతజ్ఞులైన మిత్రులొకరు దీనికి అడ్డు చెప్పారు. "మెట్ల వాద్యంలో గమకం పలకదు. దానిమీద మొదలుపెట్టినవాడికి చెవి చెడుతుంది" అన్నారు. తోసివేయదగిన మాట కాదు. రెండు మెట్ల నడుమ జారటానికి చోటులేని వాద్యమిది. ఈ దోషాన్నే ప్రధానంగా ఎత్తిచూపి 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని బహిష్కరించింది. 1971లో గాని ఆ పట్టు సడలలేదు. అయితే ఆ ముప్పై యేళ్ళూ మన పద్యనాటకం దేనిమీద నడిచింది? పారిసులో డెబైన్ 1842లో హక్కు పొందిన ఆ పరదేశి పెట్టె లేనిదే మన రంగస్థలంమీద రాగం ఎత్తుకున్న కృష్ణుడు లేడు. గమకం గాయకుని గొంతు పలికింది, పెట్టె ఆధారం ఇచ్చింది. ఆరంభకుడికి కూడా అదే మార్గమంటాను: ముందు స్వరం నోట పాడండి, తరువాత మెట్టు నొక్కండి. బియ్యంలో 'ఓం' దిద్దే పసివాణ్ణి ముత్యాలకోవ వంటి దస్తూరి ఏదని మనం అడగము. స్వరాల దగ్గరకు వచ్చేసరికి మాత్రం మొదటిరోజే కచేరీ కావాలంటాము.

ఇక నన్ను ఈ వాద్యానికి కట్టిపడవేసిన సంగతి చెబుతాను. నల్లమెట్లు రెండొక గుంపు, మూడొక గుంపుగా ఉంటాయి. మూడింటిలో మొదటిదాన్ని షడ్జమంగా పెట్టుకొని, తెల్లవాటి జోలికి పోకుండా వరుసగా నల్లవాటినే నొక్కుతూ పోతే మోహన రాగపు స్వరాలు వస్తాయి. రెండవదాన్ని షడ్జమం చేసుకుంటే మధ్యమావతి. మూడవది హిందోళం. తరువాతి రెండింటి గుంపులో మొదటిది శుద్ధసావేరి, రెండవది శుద్ధధన్యాసి. అవే అయిదు మెట్లు, అయిదు రాగాల స్వరాలు! గ్రహభేదమనే మాటను పుస్తకంలో చదివాను గాని, అది వ్రేళ్ళకు అర్థమైంది ఆనాడే. రాగానికి ఇవి అస్థిపంజరం మాత్రమేనని తెలుసు. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తెల్లమెట్లకు వస్తే, రెండు నల్లవాటి గుంపుకు ఎడమనున్న తెల్లమెట్టు నుండి అన్నీ తెల్లవే నొక్కితే శంకరాభరణం. పాశ్చాత్యులు పాఠం మొదలుపెట్టేది దానితోనే. మన సరళీస్వరాల మాయామాళవగౌళకు రిషభ దైవతాలను మాత్రం నల్లమెట్లమీదికి జరుపుకోవాలి. పూర్వార్ధం, ఉత్తరార్ధం ఒకే అచ్చులో పోసినట్లుంటాయి. సీసపద్యం పాదంలో రెండు భాగాలు నడిచినట్లు నాకు తోచింది. పండితుడి బుద్ధి ఎక్కడికి పోతుంది!

ఎడమచేయి మాత్రం నా మాట వినటం లేదు. కుడిచేయి పాట పలుకుతుంటే ఎడమచేయి షడ్జమ పంచమాలు నిలపాలి. అది కూడా పాటవెంట పడుతుంది. ఉంగరపు వ్రేలు ఒంటరిగా లేవనంటుంది. పూటకు పదిహేను నిమిషాలకు మించి కూర్చోను. విసుగు రాకముందే లేస్తాను. మెట్లకు అంకెలు అంటించి, అంకెల కాగితం చూసి సినిమాపాట వాయింపించే పద్ధతి నాకు నచ్చదు. కాగితం తీసివేస్తే ఆ పిల్లవాడి దగ్గర మిగిలేది ఏమీ లేదు.

కీబోర్డు ఇప్పుడు మా ముందుగదిలో బల్లమీద, వీధితలుపుకు ఎదురుగా ఉంటుంది. దుమ్ముకు పైన పాత పంచె కప్పుతాను, మూత లేదు. ఎదురింటి పిల్ల సాయంత్రం బడినుండి వస్తూనే పుస్తకాల సంచి గడపలో పడవేసి, పంచె లాగివేసి, రెండు చేతులతోనూ దబదబ బాదుతుంది. నిన్న మురుకులు తిన్న చేతులతో వచ్చింది. "పాడవుతుంది" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగివేసి తడిగుడ్డ తెచ్చి ఇచ్చాను. చేతులు తుడుచుకొని మళ్ళీ బాదింది.

మీ ఊరి బడి బీరువాలో హార్మోనియం ఉంటే, దాని మూత చివరిసారి ఎప్పుడు తీశారో కనుక్కొని నాకు వ్రాయండి.