గీత చూపకుండా రాత నేర్పుతున్నారు

2021-22లో ఏ గ్రేడు వడ్లకు క్వింటాలు మద్దతు ధర 1,960 రూపాయలు. మరుసటి ఏడు 2,060. ఆ తర్వాత 2,203, ఆపైన 2,320, 2025-26కు 2,389. తిరుమలగిరి మండలంలో వరి పండించే ఇళ్లలో ఈ అంకెలు చాలామందికి నోటికి వస్తాయి. వీటినే గ్రాఫుగా గీసి, అదే ఇంట్లో డిగ్రీ చదివిన పిల్లవాడి ముందు పెట్టి, ఇందులో ఏం కనిపిస్తోందో ఇంగ్లిషులో 150 మాటల్లో రాయమనండి. 'ది గివెన్ గ్రాఫ్ షోస్' అని మొదలుపెడతాడు. మొదటి ఏడు ఇంత, రెండో ఏడు ఇంత అంటూ అయిదంకెలూ వరసగా అప్పజెబుతాడు. చివర 'స్కైరాకెటెడ్' అనే క్రియ ఒకటి తగిలించి కలం మూస్తాడు. కోచింగ్‌లో ఇచ్చిన జాబితాలో ఆ మాట పైవరసలోనే ఉంటుంది.

ఆ గ్రాఫులో ఉన్నది అది కాదు. ధర ఏటా పెరిగిన మాట నిజం. ఎంత పెరిగిందో చూడాలి. మొదటిసారి 100, రెండోసారి 143, మూడోసారి 117, నాలుగోసారి 69. అంటే నాలుగు పెంపుల్లో పెద్దది 2023-24లో వచ్చింది, అక్కడి నుంచి పెంపు తగ్గుతూ వచ్చింది. మొత్తం మీద 429 రూపాయలు, దాదాపు 22 శాతం. గీత పైకే పోతోంది గానీ చివర్లో దాని వాలు తగ్గింది. ఈ సంగతి పట్టుకున్న పిల్లవాడు పరీక్షా గట్టెక్కుతాడు, వాళ్ల నాన్న ఎందుకు దిగులుగా ఉన్నాడో కూడా అతనికి అర్థమవుతుంది. 69 రూపాయల పెంపును ఆకాశానికి ఎగసిందని రాయడం మాత్రం అబద్ధం. ఆ అబద్ధాన్ని మన పిల్లలకు ఫీజు తీసుకుని నేర్పుతున్నారు. మా అభియోగం ఇదే.

విదేశాలకు పోయేవాళ్లు రాసే ఇంగ్లిషు పరీక్ష ఐఎల్‌టీఎస్ అకడమిక్. దాని రాత విభాగంలో మొదటి ప్రశ్న, అంటే టాస్క్ వన్, ఎప్పుడూ ఇలాంటిదే. గ్రాఫో, పట్టికో, పై చార్టో, మ్యాపో, ఒక వస్తువు ఎలా తయారవుతుందో చూపే బొమ్మో ఇస్తారు. దానికి 20 నిమిషాలు, కనీసం 150 మాటలు. రాత మార్కుల్లో మూడోవంతు దీనిదే. సొంత అభిప్రాయం అడగరు, కారణాలు అడగరు, బొమ్మలో ఉన్నది చెబితే చాలు. అలాంటిదే మరో పరీక్ష పీటీఈలో ఇదే పని నోటితో చేయాలి: 25 సెకన్లు చూసి, 40 సెకన్లు మాట్లాడాలి. ఐఎల్‌టీఎస్ మార్కులు ఎలా వేస్తారన్నది గుట్టు కాదు, నిర్వాహకులే బహిరంగంగా పెట్టారు. నాలుగు కొలమానాల్లో మొదటిదాన్ని చదివితే చాలు. ప్రధానమైన పోకడలేమిటో, తేడాలేమిటో తేటగా చెబితే ఏడో బ్యాండ్. ఆ మొత్తం చూపు, అంటే ఓవర్‌వ్యూ, లేకుండా వివరాలను యాంత్రికంగా ఏకరువు పెడితే అయిదు. జవాబంతా బట్టీపట్టి రాసినట్టు రుజువైతే సున్నా.

సుమారు 18,000 రూపాయలు పరీక్ష ఫీజు కట్టి, మోత్కూరు, భువనగిరి మీదుగా హైదరాబాదు బస్సెక్కి, హాస్టల్లో ఉండి, నెలల తరబడి నేర్చుకున్నది అయిదో బ్యాండ్ తెచ్చే పద్ధతి. మార్కుల పత్రం ముందుపెట్టుకుని చదివితే ఎవరికైనా తెలిసే ముచ్చట ఇది. మరి కోచింగ్ సెంటర్లకు తెలియదా?

తెలుసు. తెలిసీ అదే అమ్ముతున్నారు, ఎందుకంటే చట్రం అమ్మడం సులువు. పది వాక్యాల చట్రం, ఖాళీల్లో అంకెలు, పెరగడానికి పది క్రియలు, తగ్గడానికి పది క్రియలు. దీనికి అనుభవమున్న టీచరు అక్కర్లేదు, నిరుడు పరీక్ష రాసిన కుర్రాడు చాలు. ఒక్కో విద్యార్థి రాసిన పేరాలు చదివి, 'ఈ వాక్యం గ్రాఫులో లేదు, ఎక్కడి నుంచి తెచ్చావు' అని అడగాలంటే గదిలో నలభై మంది ఉంటే కుదరదు. అందుకే ఎవరూ అడగడం లేదు.

కోచింగ్ వాళ్లనే తిట్టి ఊరుకుంటే అన్యాయమవుతుంది. అక్కడికి వచ్చేసరికి పిల్లవాడికి ఇరవై ఏళ్లు నిండి ఉంటాయి. అంతకుముందు పదిహేనేళ్లు ఎవరి చేతిలో ఉన్నాడు?

ఎనిమిదో తరగతి గణితంలోనే పౌనఃపున్య పట్టికలు, కమ్మీ చిత్రాలు, సోపాన చిత్రాలు ఉన్నాయి. పదో తరగతిలో ఓజివ్ వక్రాలున్నాయి. పరీక్షలో గ్రాఫు కాగితం ఇస్తారు, పిల్లలు పెన్సిలు చెక్కి, స్కేలు పెట్టి, ఎక్స్ అక్షం మీద ఒక సెంటీమీటరుకు ఇంత అని రాసి శ్రద్ధగా గీస్తారు. కొలత సరిపోతే మార్కులు పడతాయి. గీసిన గీత ఏం చెబుతోందని అడిగే ప్రశ్న మాత్రం అరుదు. ఇక సాంఘికశాస్త్రం. 2014 ప్రాంతంలో వచ్చిన కొత్త పుస్తకాలు నిజంగా మంచివి. పేజీ పేజీకీ పట్టికలు, గ్రాఫులు, పరిశీలించి విశ్లేషించమనే ప్రశ్నలు. సమాచార నైపుణ్యాలు అని ఒక విద్యా ప్రమాణాన్నే పెట్టారు. ఆ పుస్తకాలు రాసినవాళ్ల ఆలోచన గొప్పది. అయితే ఆ విశ్లేషణలన్నిటికీ జవాబులు అచ్చేసిన గైడు కొద్ది రోజుల్లోనే బజారుకొచ్చింది. విశ్లేషణ కూడా బట్టీ సరుకైపోయింది. బడి చూస్తూ ఊరుకుంది.

ఇంటర్‌లో ఇంగ్లిషు పేపరుకు వద్దాం. ఇన్ఫర్మేషన్ ట్రాన్స్‌ఫర్ అని ఒక ప్రశ్న ఉంది: పై చార్టు, కమ్మీ చిత్రం, ఫ్లో చార్టు, ట్రీ డయాగ్రమ్ లాంటిదొకటి ఇచ్చి పేరాగా మార్చమంటారు. విదేశీ పరీక్ష అడిగేది సరిగ్గా ఇదే నైపుణ్యం. మన బోర్డు పేపర్లో చాలా ఏళ్లుగా ఉంది. ఇంత ముందు నుంచి సాధన దొరికిన మన పిల్లలు టాస్క్ వన్ చూసి ఎందుకు వణకాలి? ఎందుకంటే బోర్డు అడిగే ఆ ప్రశ్నను కాలేజీల్లో మార్కులు తేలిగ్గా పడే ప్రశ్నగా మార్చేశారు. చార్టులో ఉన్న ప్రతి ముక్కకూ ఒక వాక్యం, 'ఇట్ ఈజ్ క్లియర్ దట్' అని ఒక ముగింపు, అయిపోయింది. చార్టులోని మాటలన్నీ పేరాలోకి వస్తే చాలనుకునే చోట, ఏది ముఖ్యం, ఏది పక్కన పెట్టవచ్చు అన్న ఎంపికకు పని లేదు. గ్రాఫు చదవడమంటే ఆ ఎంపికే.

చరిత్ర చూసినా అంతే. గీత గ్రాఫు, కమ్మీ చిత్రం 1786లో, పై చార్టు 1801లో స్కాట్లండ్‌కు చెందిన విలియం ప్లేఫెయిర్ పుస్తకాల్లో వచ్చాయి. పట్టికలోని అంకెలన్నీ గుర్తుపెట్టుకోలేని మనిషికి ఒక్క చూపులో సంగతి తెలియాలన్నది ఆయన తపన. మనం ఆ బొమ్మను విప్పి మళ్లీ అంకెల దండకంగా మార్చమని పిల్లలకు చెబుతున్నాం.

మనకు చేతకాని విద్యా ఇది? 1945లో ఇచ్చిన ఒక్క పరిశోధన పత్రంతో ప్రపంచ గణాంకశాస్త్రాన్ని కదిలించిన సి.ఆర్.రావు మన తెలుగువాడు. కోదాడ దాటి విజయవాడ దారిలో వచ్చే నందిగామలో ఆయన కొంతకాలం బడికెళ్లారు. ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో గణితం చదివారు. 102 ఏళ్ల వయసులో, 2023లో, గణాంకశాస్త్రంలో అత్యున్నతమైన అంతర్జాతీయ పురస్కారం అందుకుని, ఆ ఏడే కన్నుమూశారు. ఆయన పేరుతో హైదరాబాదులో ఒక సంస్థ ఉంది. ఆయన చదివిన బడుల్లాంటి బడుల్లో ఈవేళ పిల్లవాడికి ఒక గ్రాఫు చూపించి 'నీకేం కనబడుతోందిరా' అని అడిగే తీరిక లేదు.

ఇంగ్లిషు మీడియం వస్తే అన్నీ సర్దుకుంటాయని నమ్మబలికారు. 2022-23లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా సర్కారు బడుల్లో ఇంగ్లిషు మీడియం మొదలైంది. పేద పిల్లలకు ఇంగ్లిషు అందాలన్న కోరికను ఈ పత్రిక ఏనాడూ కాదనలేదు. కానీ టాస్క్ వన్‌లో తప్పుతున్నది ఇంగ్లిషు ఒక్కటే కాదు. పైన చెప్పిన వడ్ల ధర గ్రాఫును తెలుగులో వివరించమని ఇంటర్ పిల్లలను అడిగి చూడండి. ఎక్కువమంది తెలుగులోనూ అంకెలే అప్పజెబుతారు. సొంత భాషలో చూడడం రానివాడికి పరాయి భాషలో చూపు రాదు. మీడియం మారినా ఆ పాఠం మారలేదు.

చూపు బడిలోనే కాదు, పనిలోనూ వస్తుంది. నర్సమ్మలను చూడండి. బ్రిటన్‌లో నర్సుగా నమోదు కావాలంటే ఐఎల్‌టీఎస్ అకడమిక్‌లో వినడం, చదవడం, మాట్లాడడంలో ఏడేసి, రాతలో 6.5 రావాలి. రాతలోనూ ఏడే అడిగేవాళ్లు, ఆ మెట్టు దాటలేకపోతున్నారని 2018 డిసెంబరులో అర తగ్గించారు. సూర్యాపేటలోనో మిర్యాలగూడలోనో నైట్ డ్యూటీ చేసే నర్సు మంచానికి తగిలించిన టీపీఆర్ చార్టు చూసి, జ్వరం తగ్గుతూ తగ్గుతూ తెల్లవారుజామున మళ్లీ ఎందుకు లేచిందోనని డాక్టరుకు ఫోన్ చేస్తుంది. ఆ ఫోన్లో ఆమె చెప్పేదే అసలైన ఓవర్‌వ్యూ. గంట గంట టెంపరేచరు చదవదు. 'రాత్రంతా దిగింది సార్, నాలుగింటికి మళ్లీ పెరిగింది' అంటుంది. అదే మనిషి పరీక్ష హాల్లో కూర్చుని గంట గంట టెంపరేచరు రాస్తుంది, ఎందుకంటే అలా రాయాలని ఆమెకు నేర్పారు. ఆమెకున్న తెలివిని చెరిపేసి చట్రం పెట్టినందుకు ఫీజు కూడా వసూలు చేశారు.

పరీక్ష నిర్వాహకులూ చేతులు దులుపుకోలేరు. ఐఎల్‌టీఎస్ బ్రిటిష్ కౌన్సిల్, ఐడీపీ, కేంబ్రిడ్జి అనే మూడు సంస్థలది. 2021లో బ్రిటిష్ కౌన్సిల్ మన దేశంలోని తన ఐఎల్‌టీఎస్ వ్యాపారాన్ని 13 కోట్ల పౌండ్లకు ఐడీపీకి అమ్మేసింది. అంత విలువైన వ్యాపారం మన పిల్లల ఫీజుల మీద నడుస్తోంది. బదులుగా విద్యార్థికి దక్కేది రాత విభాగానికి ఒకే ఒక బ్యాండ్ అంకె. టాస్క్ వన్‌లో ఎంత, టాస్క్ టూలో ఎంత అన్నది ఫలితాల పత్రంలో ఉండదు. ఎక్కడ తప్పిందో ఒక్క వాక్యమైనా ఉండదు. మళ్లీ దిద్దించుకోవాలంటే మళ్లీ డబ్బు కట్టాలి, బ్యాండ్ మారితేనే అది వెనక్కొస్తుంది. రెండేళ్లు దాటితే ఆ ఫలితం చెల్లదు. తప్పేమిటో తెలియని పిల్లవాడు మళ్లీ అదే కోచింగ్ సెంటరుకు పోయి అదే చట్రం కొంటాడు. ఈ చక్రంలో నష్టపోయేది అతనొక్కడే.

విదేశాలకు పోయేవాళ్ల గొడవ మనకెందుకు అనేవాళ్లకు ఒక మాట. 2011 జనగణనలో అప్పటి ఉమ్మడి నల్లగొండ జిల్లాలో మగవాళ్ల అక్షరాస్యత సుమారు 74 శాతం, ఆడవాళ్లది సుమారు 54. రెండు కమ్మీలు, మధ్యలో ఇరవై పాయింట్ల ఎడం. 2021లో జరగాల్సిన జనగణన ఆగిపోయింది, వచ్చేది 2027లో. అప్పుడు ఆ ఎడం ఎంతకు తగ్గిందో కొత్త కమ్మీలు చెబుతాయి. వాటిని చూసి 'రెండూ పెరిగాయి' అనేవాడొకడు, 'ఎడం తగ్గిందా లేదా' అని అడిగేవాడొకడు ఉంటారు. ప్రభుత్వాలకు మొదటివాడే ఇష్టం. రైతు చుట్టూనూ లెక్కలే. వడ్లలో తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో కొర్రీ పడుతుంది. శ్రీరాంసాగర్ ప్రాజెక్టు (ఎస్సారెస్పీ) రెండో దశ కాలువలకు నీళ్లొచ్చిన ఏడు బోర్లలో నీరు ఎంత పైకొచ్చిందో భూగర్భ జలశాఖ లెక్కల్లో ఉంటుంది. ప్రతి మండలంలో వాన కొలిచే ఆటోమేటిక్ కేంద్రాలున్నాయి. రైతును అడ్డుకునే లెక్కలూ, ఆదుకునే లెక్కలూ గ్రాఫులుగా ఎదురుగానే ఉన్నాయి. వాటిని ప్రశ్నించేవాళ్లు మాత్రం తయారు కావడం లేదు. ఈ లోపం మన ఒక్కరిదే కాదు. అంతర్జాతీయ పీసా పరీక్ష 2009 విడతలో తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ పిల్లలు దాదాపు అట్టడుగున నిలిచారు. పట్టికలు, గ్రాఫులు చదివి అర్థం చేసుకోవడం ఆ పరీక్షలో ఒక భాగం. లోపం ఎక్కడుందో వెతకాల్సిన దేశం ఆ తర్వాత పరీక్షనే మానుకుంది.

పాఠశాల విద్యాశాఖ చేయాల్సింది ముందు. ఎనిమిదో తరగతి నుంచే నెలకో పీరియడు పిల్లల మండలం లెక్కలనే గ్రాఫుగా గోడకు తగిలించి, తెలుగులో మాట్లాడించాలి. తిరుమలగిరి బడికి తిరుమలగిరి వాన, సూర్యాపేట బడికి సూర్యాపేట మార్కెట్‌కు వచ్చిన సరుకు, మిర్యాలగూడ బడికి అక్కడి మిల్లుల బియ్యం. రాయించడం తర్వాత సంగతి. ఇంగ్లిషు టీచరు, లెక్కల టీచరు, సోషల్ టీచరు ముగ్గురూ ఒకే గ్రాఫు మీద పని చేయాలి. ఇవాళ ఆ ముగ్గురి పాఠాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం లేదు.

ఇంటర్ బోర్డు మార్కుల పద్ధతి మార్చాలి. చార్టులో ఉన్న ప్రతి ముక్కనూ ఎత్తి రాసినందుకు కాకుండా, ముఖ్యమైన మార్పును గుర్తించి ముందు చెప్పినందుకు సగం మార్కులుండాలి. చార్టులో లేని మాట రాస్తే మార్కు తగ్గాలి. దీనికి కొత్త పుస్తకం అక్కర్లేదు, జవాబు పత్రాలు దిద్దేవాళ్లకు ఇచ్చే సూచనల్లో రెండు పంక్తులు చాలు. వచ్చే వార్షిక పరీక్షలకే అమలు చేయవచ్చు.

కోచింగ్ సెంటర్లు తప్పుదోవ పట్టించే హామీలు ఇవ్వకూడదని 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. విదేశీ ఇంగ్లిషు పరీక్షల కోచింగ్‌నూ ఆ పరిధిలోకి తెచ్చి, బ్యాండ్ గ్యారంటీ బోర్డులు పీకించాల్సింది రాష్ట్ర ప్రభుత్వమే. గ్యారంటీ నమ్మి ఫీజు కట్టి, బ్యాండ్ రానివాళ్లకు ఆ ఫీజు వెనక్కిచ్చే నిబంధనను కూడా అందులోనే చేర్చాలి.