పాడేవాడు ఎక్కడికి పోయాడు?

మా మావయ్య ఇంట్లో హోమ్ థియేటర్ పెట్టించిన నెల రోజులకు అమ్మమ్మను చెవుల డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళారు. టీవీలో మాటలు వినపడటం లేదని ఆవిడ ఫిర్యాదు. "వయొలిన్లు బాగానే వినిపిస్తున్నాయిరా, పాడేవాడే ఎక్కడికి పోయాడో తెలీటం లేదు" అనేది. ఇంటిల్లిపాదీ నవ్వుకున్నారు. ఎనభై దాటిన మనిషికి చెవులు మందగించడంలో వింతేముంది? చెవి మిషన్ కొనాలని కూడా నిశ్చయమయిపోయింది. పోనీ తక్కినవాళ్ళకు శుభ్రంగా వినపడుతోందా అంటే, మాటలప్పుడు రిమోటుతో సౌండు పెంచడం, బాంబు పేలగానే తగ్గించడం, ఇదే పనిగా ఉండేవారు. ఇంగ్లీషు సినిమాలకైతే కింద అక్షరాలు పడతాయి గనక గొడవ లేదు.

"ఎలక్ట్రానిక్స్ చదువుతున్నావుగా, ఓసారి చూడరా" అని మావయ్య నన్ను పిలిచాడు. వెళ్ళాను. ఆంప్లిఫయర్ని వెనక్కి తిప్పి చూస్తే తేనెపట్టులా అన్నీ రంధ్రాలే. ఎర్రవి, తెల్లవి, నల్లవి. నాలుగు సెమిస్టర్ల చదువు నోరు మూసుకుని నిలబడింది. ఓ అరగంట మెనూలన్నీ తిప్పి, "సెట్టు మంచిదే మావయ్యా, గది ఎకౌస్టిక్సే సరిగా లేవు" అని తేల్చి, కాఫీ తాగి వచ్చేశాను. ఇంతకంటే సిగ్గుపడవలసిన మాట నేను జీవితంలో ఇంకొకటి అనలేదు.

మరో వారానికి పెళ్ళి అడ్వాన్సు కోసం మైకుసెట్టు ఆయన వాళ్ళింటికి వచ్చాడట. టీవీ నడుస్తోంది. అయిదు నిమిషాలు విని, "మధ్య బాక్సు పలకడం లేదండీ" అన్నాడు. ఒక్కొక్క బాక్సు దగ్గర చెవి పెట్టాడు. మధ్యదాని తీగ లాగి చూస్తే చివర ప్లాస్టిక్ తొడుగు సరిగా ఒలవలేదు. స్ప్రింగు క్లిప్పు రాగిని వదిలేసి ప్లాస్టిక్కును కరుచుకుని కూర్చుంది! ఆయన పంటితో తొడుగు లాగి, పోగులు మెలిపెట్టి, మళ్ళీ దూర్చాడు. పాడేవాడు తిరిగి వచ్చాడు. అమ్మమ్మ మాత్రం ఏమీ అనలేదట. అనవలసింది ఆవిడ నెల రోజులుగా అంటూనే ఉంది గదా!

ఇందులో కిటుకేమిటంటే, 5.1 పద్ధతిలో ముందువైపు కుడి, ఎడమలకు తోడు మధ్య ఒకటి, పక్కన గానీ వెనక గానీ రెండు, బరువైన శబ్దాలకు విడిగా ఒకటి, మొత్తం ఆరు దారులు. సినిమా హాల్లో తెర వెనక మధ్య స్పీకరుకే సంభాషణలు అప్పజెప్పడం ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీ. రెండు చానళ్ళ పాట వచ్చినా ఈ ఆంప్లిఫయర్లు కుడి ఎడమల్లో సమానంగా ఉన్నదాన్ని ఏరి మధ్యకు పంపే ఏర్పాటు ఉంది. గాయకుడి గొంతు సాధారణంగా రెండు వైపులా సమానంగా ఉంటుంది. కనుక మధ్య తీగ ఊడితే వయొలిన్లు మిగులుతాయి, గొంతు పోతుంది. అమ్మమ్మ చెప్పింది అక్షరాలా సరైన రోగనిర్ణయం. అర్థం చేసుకోవలసిన వాణ్ణి నేను.

ఇంతకీ నా వాదన ఇది. తీగ కలపడం మన చదువులో భాగం కాదని మనమందరం, విద్యార్థులూ లెక్చరర్లూ కలిసి, ఒక ఒప్పందానికి వచ్చేశాం. అది ఐ.టి.ఐ. వాళ్ళ పని, మెకానిక్కు పని. మనది సిద్ధాంతం. మంచిదే, ఆ సిద్ధాంతాన్నే చూద్దాం. గరిష్ఠ శక్తి బదిలీ సిద్ధాంతం మనందరికీ కంఠతా వచ్చు: లోడు ఇంపిడెన్సు సోర్సు ఇంపిడెన్సుతో సమానంగా ఉండాలి. అది నమ్మి స్పీకరు దగ్గరికి వెళ్ళినవాడు బోల్తా పడతాడు. నేటి ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్ అవుట్‌పుట్ ఇంపిడెన్సు ఓమ్‌లో చిన్న భిన్నం, స్పీకరేమో 8 ఓమ్‌లు. అలా ఉండబట్టే కోను అదుపులో ఉంటుంది. ఈ సంగతి నాకు క్లాసులో కాదు, మైకుసెట్టు షాపు బల్ల మీద తెలిసింది. 8 ఓమ్‌ల బాక్సులు రెండు పక్కపక్కన కలిపితే 4 అవుతుందనీ, తట్టుకోలేని ఆంప్లిఫయర్ కాలిపోతుందనీ ఆయనకు తెలుసు. అది ఓమ్ సూత్రమని ఆయన అనడు, అంతే తేడా.

తెలియకపోతే నష్టమేమిటంటారా? మొదటి నష్టం అమ్మమ్మకు. రెండవది జేబుకు. బంగారు పూత పూసిన హెచ్.డి.ఎం.ఐ. కేబుల్ వేలకు వేలు పోసి కొనమనే దుకాణదారు మన అజ్ఞానం మీదే బతుకుతున్నాడు. అందులో నడిచేది అంకెలు. రెండు మీటర్ల దూరానికి సర్టిఫై అయిన మామూలు కేబుల్ చాలు. కేబుల్ చెడ్డదైతే బొమ్మ మీద చుక్కలు మెరుస్తాయి, లేదా బొమ్మే పోతుంది. అంతేగాని రంగులు కాస్త వెలిసిపోవడం, గొంతు కాస్త మొద్దుబారడం ఉండదు. 2009లో వచ్చిన ఏ.ఆర్.సి. సదుపాయంతో టీవీ శబ్దం అదే కేబుల్‌లో వెనక్కి ఆంప్లిఫయర్‌కు వస్తుంది, కాకపోతే రెండు వైపులా ఏ.ఆర్.సి. అని రాసి ఉన్న సాకెట్టులోనే పెట్టాలి. ఈ ఒక్క ముక్క తెలియక కొత్త టీవీకి పాత ఆంప్లిఫయర్ కుదరదనుకుని అమ్మేసినవాళ్ళు నాకు తెలుసు.

అన్ని తప్పులూ మనవేనని కూడా అనను. 1930ల నాటి ఆర్.సి.ఏ. ప్లగ్గు ఎవరినీ అనుమానించదు. తెలుపు ఎడమకు, ఎరుపు కుడికి, పసుపు బొమ్మకు: పల్లెటూళ్ళో పిల్లాడు కూడా వీడియో ప్లేయరు కలిపేవాడు. 2002లో వచ్చిన హెచ్.డి.ఎం.ఐ. తీగకు 19 పిన్నులు, వాటి మీద హెచ్.డి.సి.పి. అనే కాపలా. డబ్బిచ్చి కొన్న బొమ్మను డబ్బిచ్చి కొన్న టీవీ మీద చూడటానికి రెండు పెట్టెలూ ఒకదాన్నొకటి తాళపుచెవులు అడుగుతాయి. కుదరకపోతే నల్ల తెర. ఇంటెల్ తయారుచేసిన ఆ కాపలా మూలతాళం 2010లో బయటపడనే పడింది. దొంగకు అడ్డు రాని తలుపు ఇంటివాడికి మాత్రం ఇప్పటికీ అడ్డు వస్తోంది. ఇది ఇంజనీరింగ్ లోపం కాదు, ఉద్దేశం. దాన్ని ప్రశ్నించాలన్నా ముందు ఆ పెట్టె వెనక్కి తిప్పి చూసే అలవాటుండాలి.

లాబ్‌లో రికార్డు రాయడానికి వెచ్చించే మధ్యాహ్నాల్లో రెండంటే రెండు దీనికి ఇవ్వమని అధ్యాపకులకు నా మనవి. ఒక పాత ఆంప్లిఫయర్, నాలుగు బాక్సులు, కోఠీ గుజరాతీ గల్లీలో దొరికే ప్లగ్గులు ఓ గుప్పెడు, ఇంతే ఖర్చు. కాలేజీ డేకి ఏటా మైకుసెట్టు ఆయన మన స్టేజీ వెనకాలే నుంచుంటాడు. ఒక్కసారి ఆయనను ముందుకు పిలిచి గంటసేపు చెప్పించుకుంటే మన డిగ్రీకి వచ్చే లోటేమీ లేదు.

పనిలో పనిగా ఇంకొకటి. మన సెమినార్ హాల్లో కుడి ఎడమ బాక్సులకు సరిగ్గా మధ్యలో కూర్చుంటే గొంతు బోలుగా, ఎటునుంచి వస్తోందో తెలియకుండా వినిపిస్తుంది, బరువు శబ్దాలు మాయమవుతాయి. ఒకదాని ప్లస్సు, మైనస్సు తారుమారయ్యాయని నా అనుమానం. తీగలు ఆంప్లిఫయర్ దగ్గర ఊడదీసి, ఒక్క క్షణం పెన్సిల్ సెల్ తాకించి, సెల్ ప్లస్సు తీగ ప్లస్సుకు తగిలినప్పుడు కోను ముందుకొస్తోందా, వెనక్కి పోతోందా చూస్తే తేలిపోతుంది. హాలు తాళాలు యూనియన్ సెక్రటరీ దగ్గరున్నాయి. శనివారం మూడింటికి నేను సెల్, స్క్రూడ్రైవరు పట్టుకుని వస్తాను. ఇద్దరు తోడు వస్తే నిచ్చెన పట్టుకోవచ్చు.