రెండు పటాలూ ఒక్క బీరువాలోనే

శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళి నేల కింద చమురు లేదు. తూర్పు కనుమల గట్టి రాయి ఉంది. అయినా కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్ గ్యాస్ గొడవ అర్థం కావడానికి ఇక్కడి రైతుకు ఏ ఇంజినీరూ అక్కర్లేదు. వంశధార నీళ్లు శివారు మడికి అందని ఏడాది పక్కవాడు లోతుగా బోరు దించితే మన బోరు ఎండుతుంది. గట్టు పైకే గానీ, కింద నీటికి గట్టెక్కడిది? అందుకే బోరు వేసే ముందు అనుమతి తీసుకోమంటుంది 2002 నాటి వాల్టా చట్టం.

ఆ పాటి జాగ్రత్త కాకినాడకు ఎదురుగా సముద్రంలో ఏమైంది? ఓఎన్‌జీసీ బ్లాకులను ఆనుకుని ఉన్న తన డీ6 బ్లాకు నుంచి రిలయన్స్ 2009 ఏప్రిల్‌లో గ్యాస్ తీయడం మొదలెట్టింది. మా గ్యాస్ పొర, రిలయన్స్ పొర ఒకటేనని ఓఎన్‌జీసీ అధికారికంగా రాసింది 2013 జులైలో, చమురు, గ్యాస్ తవ్వకాలను కేంద్రం తరఫున పర్యవేక్షించే డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ హైడ్రోకార్బన్స్ (డీజీహెచ్)కు. మధ్యలో నాలుగేళ్లు! 2014 మార్చి దాకా 1,112 కోట్ల ఘనపు మీటర్ల గ్యాస్ ఓఎన్‌జీసీ వైపు నుంచి డీ6లోకి హద్దు దాటిందని డీగోల్యర్ అండ్ మెక్‌నాటన్ సంస్థ 2015లో లెక్క తేల్చింది.

ఇక్కడ మేం నిలదీసేది కంపెనీని కాదు, కాపలాదారుని. సర్వే ఓడ కిలోమీటర్ల పొడవు కేబుళ్లు ఈడ్చుకుంటూ గాలి తుపాకులు పేలుస్తుంది, సముద్రం అడుగు పొరల నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వనిని నమోదు చేస్తుంది. ఆ డేటా ఒప్పందం ప్రకారం ప్రభుత్వ ఆస్తి. కంపెనీలు దాన్ని ఉచితంగా అప్పజెప్పాలి. అలాంటి ఒప్పందాల్లో సర్వే ఖర్చును గ్యాస్ రాబడి నుంచి ముందే మినహాయించుకుంటాయి కనుక ఒకరకంగా డబ్బూ మనదే. 1993లో డీజీహెచ్‌ను పెట్టిందే ఇలాంటివి చూడమని. ఇరుపక్కల పటాలూ తన బీరువాకే చేరాల్సిన సంస్థ, వాటిని ఒక బల్ల మీద పక్కపక్కన పరిచి చూడటానికి ఎవరో ఫిర్యాదు చేయాలా? ఇలాంటి డేటాను ఒకచోట భద్రపరిచే జాతీయ డేటా నిధి (ఎన్‌డీఆర్) తలుపులు తెరిచింది 2017 జూన్‌లో. అప్పటికి గ్యాసూ పోయింది, వ్యాజ్యమూ ముదిరింది.

తర్వాతదంతా వకీళ్ల పండగ. 2016లో 155 కోట్ల డాలర్లు కట్టమని రిలయన్స్‌కు కేంద్రం నోటీసిచ్చింది. 2018లో మధ్యవర్తుల తీర్పు రిలయన్స్‌కు అనుకూలంగా వచ్చింది. దాన్ని 2025 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం కొట్టేసింది. పొరల కలయికను సూచించిన 2003 నాటి నివేదికను కంపెనీ బయటపెట్టలేదని తప్పుపట్టింది. సరే, నివేదిక దాచారనే అనుకుందాం. ముడి డేటాను చదవొద్దని డీజీహెచ్‌కు ఎవరు చెప్పారు?

సముద్రపు గ్యాస్ మీద రాయల్టీ మొత్తం కేంద్రానిదే, మన రాష్ట్రానికి పైసా రాదు. కనీసం లెక్కయినా చూపించాలి కదా. 2009 నుంచి 2013 దాకా హద్దుకు ఇరుపక్కల ఏ డేటా ఏ తేదీన అందింది, ఎవరు చూశారు, ఏం రాశారు? ఆ ఫైళ్లను పార్లమెంటు ముందు పెట్టాలి. గోప్యత గడువు తీరిన సర్వేల డేటాను విశ్వవిద్యాలయాలకు ఇవ్వాలి. కంపెనీకి నోటీసు పంపిన కేంద్రం, తన సొంత పర్యవేక్షకుడికి కూడా ఒకటి పంపాలి.